పాత కారు ట్యూబుకి ఇత్తడి వాల్వు: ఎవరికి కావాలి, ఏ రకం కావాలి

పాత కారు చక్రానికి ఇత్తడి వాల్వు ఠీవిగా ఉంటుంది. నల్లటి రిమ్ములోంచి పచ్చగా పొడుచుకొచ్చిన కాడ, దాని మీద పొడవాటి లోహపు టోపీ ఉంటే ఫోటో కూడా బాగా వస్తుంది. అందుకే బండి బాగుచేయించే పని చివరికొచ్చేసరికి చాలామందికి ట్యూబుల మీద మనసు పోతుంది, “వాల్వులు కూడా ఇత్తడివే వేయించేద్దాం” అంటారు. వేయించొచ్చు. కాకపోతే అందులో నాలుగైదు దారులున్నాయి. ఒక్కో దారి ఒక్కో రకం బండికి కుదురుతుంది, ఒకటి రెండు మాత్రం ఏ బండికీ కుదరవు.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత బండి అంటే ఎక్కువగా అంబాసిడరు, ఫియట్ లేదా ప్రీమియర్ పద్మిని, లేకపోతే జీపు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలపు ఆస్టిన్లు, మోరిస్‌లు, ఫోర్డులు అక్కడక్కడా పెద్ద ఇళ్ళ షెడ్డుల్లో ఉన్నాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడి, 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఆ బళ్ళకీ వాటి సామానుకీ ఇప్పటికీ మద్రాసు వైపే చూస్తారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి గుంపు బళ్ళకి ఇత్తడి కాడ అక్కర్లేదు, సరైన కొలత రబ్బరు కాడ చాలు. రెండో గుంపుకి చాలాసార్లు ఇత్తడి కాడ నిజంగానే కావాలి. తేడా అందంలో లేదు, రిమ్ములో ఉంది.

ముందు రిమ్ము బొక్క కొలవండి

ట్యూబు కొనేముందు టైరు సైజు అందరూ చెబుతారు, వాల్వు నంబరు ఎవరూ చెప్పరు. కార్ల ట్యూబులకి వచ్చే రబ్బరు కాడల్లో రెండు కొలతలు ముఖ్యం. టీఆర్ 13 అనేది 11.5 మిల్లీమీటర్ల బొక్కకి. టీఆర్ 15 లావుది, 16 మిల్లీమీటర్ల బొక్కకి. ఈ టీఆర్ అక్షరాలు అమెరికా టైరు, రిమ్ము తయారీదార్ల సంఘం పెట్టిన వరస. నంబరు ట్యూబు అట్టపెట్టె మీదో, ట్యూబు మీదో అచ్చేసి ఉంటుంది.

పెద్ద బొక్కలో సన్నకాడ వేస్తే అది ఊగుతుంది. చక్రం తిరిగినంతసేపూ రిమ్ము అంచు కాడ మొదట్లో ఒరుసుకుంటూ ఉంటుంది, కొన్నాళ్ళకి అక్కడే చీరుతుంది. చిన్న బొక్కలోకి లావుకాడని గుంజి ఎక్కించినా అదే గతి, ఇంకా తొందరగా. పాత రిమ్ముకైతే ఇంకో సంగతి ఉంది. తుప్పు గీకి, పుట్టీ పెట్టి, పౌడర్ కోటింగ్ చేయించాక బొక్క అంచున పెయింటు మందంగా గడ్డకట్టి ఉంటుంది, లేదా తుప్పు తిని బొక్క కోలగా సాగిపోయి ఉంటుంది. వెర్నియరు పెట్టి రెండు దిక్కుల్లో కొలవండి. అంచుని గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా నున్నగా చేయండి. వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గీరుకోకూడదు.

జీపు ఉన్నవాళ్ళకి ఇక్కడ ఒక మాట. 6.00-16 ట్యూబు మన పల్లెల్లో ఎక్కడ అడిగినా దొరుకుతుంది, ఎందుకంటే ట్రాక్టరు ముందు చక్రం సైజు అదే. పీలేరులోనైనా పుత్తూరులోనైనా షాపతను అటకమీది నుంచి తీసి చేతిలో పెట్టేస్తాడు. కానీ ట్రాక్టరు కోసం వచ్చే ట్యూబుకి తరచూ లావుకాడే ఉంటుంది. మీ జీపు రిమ్ము బొక్క సన్నదైతే అది ఎక్కదు. అప్పుడు “బొక్క కాస్త పెద్దది చేసేద్దాం సార్, డ్రిల్లు ఉంది” అంటారు. ఒప్పుకోవద్దు. వాల్వు కోసం రిమ్ము మార్చడం తలకిందుల పని. సన్నకాడ ట్యూబు తెప్పించుకోండి.

రబ్బరు కాడ: చాలామందికి ఇదే జవాబు

రబ్బరు కాడ పాతదనానికి పనికిరాదని ఒక అపోహ ఉంది. అంబాసిడరు 2014లో ఆగిపోయిన దాకా, పద్మిని ఆఖరి రోజుల దాకా మన రోడ్ల మీద తిరిగినవి ట్యూబు టైర్ల మీద, రబ్బరు కాడలతోనే. అలాంటి బండికి ఇత్తడి కాడ పెట్టడం అసలు రూపానికి దగ్గర చేయడం కాదు, లేని నగ తొడగడం. వింటేజ్ రిజిస్ట్రేషన్ కోసం కూడా వాల్వు ఎవరూ చూడరు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ వరస నంబరు ఇస్తాయి. అవి పట్టించుకునేది ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చారా అన్న సంగతి.

రబ్బరు కాడకి ఒక పెద్ద గుణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది వంగుతుంది. గాలి తక్కువగా ఉన్న టైరు బ్రేకు పడ్డప్పుడల్లా రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతుంది, లోపలి ట్యూబుని కూడా లాక్కుపోతుంది. అప్పుడు రబ్బరు కాడ ఒక పక్కకి ఒరుగుతుంది. పొద్దున్నే బండి తీసేటప్పుడు చూస్తే తెలిసిపోతుంది: కాడ నిటారుగా లేదంటే లోపల ట్యూబు లాగుతోంది, గాలి తీసి సర్దాలి. ఇత్తడి కాడని రిమ్ముకి నట్టుతో బిగించేస్తే ఈ కబురు బయటికి రాదు. ట్యూబు జరుగుతూనే ఉంటుంది, కాడ మాత్రం నిటారుగా నిలబడి ఉంటుంది, ఆ లాగుడంతా కాడ మొదట్లో రబ్బరు మీద పడుతుంది. తెగినప్పుడే తెలుస్తుంది. అక్కడ తెగితే పంచరు వేయడానికి కూడా చోటుండదు.

రబ్బరు కాడకి శత్రువు ఎండ, ఏళ్ళు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఆరుబయట నిలబెట్టిన బండికి బయటికి కనబడే కాడే ముందు ఎండుతుంది. దాన్ని బొటనవేలితో పక్కకి వంచి, మొదట్లో సన్నటి అడ్డ పగుళ్ళు తెరుచుకుంటున్నాయేమో చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా ట్యూబు మార్చడమే. దాని మీద సొల్యూషన్ పూసి లాభం లేదు.

బొక్క పెద్దదై, సన్నకాడ ట్యూబే దొరికిందనుకోండి, నడుమ ఒక బుష్ వేయాలి. లావు బొక్కలో సన్నకాడ కుదురుగా కూర్చోడానికే ఇత్తడివో ప్లాస్టిక్‌వో బుష్‌లు అమ్ముతారు. దొరక్కపోతే లేత్ షాపులో నైలాన్ కడ్డీ నుంచి తిప్పించుకోవచ్చు. దాని లోపలి అంచు, ట్యూబు వైపు ఉండేది, బాగా గుండ్రంగా ఉండాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టే పని మాత్రం వద్దు. ఎండకి దాని జిగురు కరిగి టేపు జారిపోతుంది, కాడ మళ్ళీ ఊగుతుంది.

ఇత్తడి కాడ నిజంగా ఎవరికి కావాలి

మూడు సందర్భాల్లో రబ్బరు కాడ చాలదు. మొదటిది చెక్క చక్రాలు. ఫోర్డ్ మోడల్ టీ లాంటి బండిలో వాల్వు ఇనుప రిమ్ములోంచి మాత్రమే కాదు, దాని కింద ఉన్న చెక్క వలయంలోంచి కూడా బయటికి రావాలి. టీఆర్ 13 కాడ అంగుళంన్నర ఉంటుంది, చెక్కలోనే మునిగిపోతుంది, గాలి గొట్టం అందదు. పొడవాటి ఇత్తడి కాడ అక్కడ తప్పనిసరి. పైగా వాటికి వేసే పాత బీడు టైర్లకి (అంచు రిమ్ములో కొక్కెంలా పట్టుకునేవి) 55 నుంచి 60 పీఎస్ఐ దాకా గాలి పట్టాలి. ఆ ఒత్తిడికి వాల్వు మొదలు గట్టిగా ఉండాలి.

రెండోది కొన్ని స్పోకు చక్రాలు. 1928, 29 ఫోర్డ్ మోడల్ ఏకి 21 అంగుళాల చక్రం, 1930, 31లో 19 అంగుళాలది. వాటికి కంపెనీ నుంచే లోహపు కాడ, దాని మీద కోలగా ఉండే బ్రిడ్జి వాషరు, నట్టు, పొడవాటి టోపీ వచ్చేవి. అలాంటి బండిలో కంపెనీ ఏర్పాటునే మళ్ళీ నిలబెట్టాలనుకోవడం న్యాయమైన కోరిక.

మూడోది పోటీలు, ప్రదర్శనలు. చెన్నైకో బెంగళూరుకో ర్యాలీకి తీసుకెళ్ళి, బండి అచ్చం పాత రూపంలో ఉందా లేదా అని న్యాయనిర్ణేతలు చూసే చోట నిలబెట్టేవాళ్ళకి. వాళ్ళు తిరిగే దూరం తక్కువ, చూసుకునే శ్రద్ధ ఎక్కువ. అందుకని వాళ్ళకి చాలా దారులు చెల్లుతాయి.

కంపెనీలోనే ఇత్తడి కాడ అతికి వచ్చిన ట్యూబు

డబ్బు పెట్టగలిగితే మొదట చూడాల్సింది ఇదే. పాత కార్ల టైర్లు ప్రత్యేకంగా చేసే విదేశీ కంపెనీలు ఇలాంటి ట్యూబులు అమ్ముతాయి. ట్యూబు అచ్చులో ఉడికేటప్పుడే కాడ అడుగు రబ్బరులో కలిసిపోయి ఉంటుంది. ఇత్తడిని ఎంచుకోవడానికి కారణం రంగు కాదు. వేడికి రబ్బరులోని గంధకం ఇత్తడిలోని రాగితో కలిసి గట్టి పట్టు ఇస్తుంది. టైరు లోపలి ఉక్కు తీగలకి ఇత్తడి పూత వేసేది కూడా ఈ పట్టు కోసమే.

తెప్పించుకునేటప్పుడు మూడు కొలతలు రాసి పంపండి: రిమ్ము బొక్క వెడల్పు, బొక్క దగ్గర రిమ్ము మందం లేదా చెక్కతో కలిపి మొత్తం లోతు, బయట ఎంత పొడవు కనిపించాలో. బండి పేరు, సంవత్సరం మాత్రమే చెబితే చాలదు. వందేళ్ళలో ఆ బండికి ఎవరు ఏ రిమ్ము ఎక్కించారో మీకూ తెలియదు, వాళ్ళకీ తెలియదు. సుంకం, రవాణా కలిసి ఖర్చు భారీగా ఉంటుంది కాబట్టి నాలుగు చక్రాలకీ స్పేరుకీ ఒకేసారి తెప్పించుకోవడం మేలు. వచ్చాక ఒక పని చేయండి: ట్యూబులో గుండ్రంగా అయ్యేంత గాలి మాత్రమే పట్టి, కాడ చుట్టూ నీళ్ళ బకెట్లో ముంచి చూడండి. పెట్టెలో మడతపడి నెలల తరబడి ప్రయాణం చేసిన ట్యూబు కాడ దగ్గరే నలుగుతుంది.

బిళ్ళ, నట్టుతో బిగించే పాత పద్ధతి

నాకు నచ్చిన దారి ఇది. ఓపిక ఉన్నవాడు ఇంట్లో చేసుకోగల పని, జిగురు మీద ఆధారపడని పని. తొలినాటి కార్లలో వాల్వులు బిగించిందీ ఇలాగే.

ఈ కాడ అడుగున ఒక పల్చటి ఇత్తడి బిళ్ళ ఉంటుంది, కోలగా, రెండు చివరలా గుండ్రంగా. అది ట్యూబు లోపల కూర్చుంటుంది. బయట నుంచి బ్రిడ్జి వాషరు, దాని మీద నట్టు. బిళ్ళకీ వాషరుకీ నడుమ ట్యూబు రబ్బరు నలిగి, గాలి బయటికి రాకుండా ఆపుతుంది. పాత కాడలు ఉంటే వాటినే వాడొచ్చు. చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో గంపలోంచి ఏరుకున్నా ఫర్వాలేదు, మరలు అరగకుండా ఉంటే. కాడ లోపల గాలిని ఆపే పిన్ను మాత్రం కొత్తది వేయండి. అగస్ట్ ష్రాడర్ 1890ల మొదట్లో న్యూయార్కులో చేసిన వాల్వు సంతతే ఇవాళ మోటారుసైకిలు నుంచి లారీ దాకా ఉంది కాబట్టి పిన్ను ఏ పంచరు షాపులోనైనా దొరుకుతుంది. కాడ కొనేముందే షాపులో ఆ పిన్ను ఎక్కించి చూడండి. సాఫీగా ఎక్కి, గట్టిగా పట్టి ఆగాలి.

ట్యూబు కొత్తది, మంచిది తీసుకోండి. టీఆర్ 13 కాడ ఉన్న మామూలు ట్యూబే చాలు. కాడ చుట్టూ మందపాటి రబ్బరు పట్టీ ఉంటుంది కదా, అదే మనకి కావలసిన బలం. పదునైన బ్లేడుని సబ్బునీళ్ళలో ముంచి, రబ్బరు కాడని ఆ పట్టీ మట్టానికి కోసేయండి. మధ్యలో సన్నటి బొక్క మిగులుతుంది. దాన్ని బ్లేడుతో పెంచొద్దు. గాటు మూల ఎక్కడుంటే చీలిక అక్కడే మొదలవుతుంది. పెంచాల్సి వస్తే తోలు పనివాళ్ళ గుండ్రటి పంచితో కొట్టండి, అదీ కాడ లావులో సగానికి మించకుండా. బొక్క సాగి కాడని పట్టుకోవాలి.

కొందరు కత్తితో రబ్బరంతా చెక్కేసి “లోపల ఇత్తడి ఉంది కదా, అదే బయటపెడదాం” అంటారు. రబ్బరు కాడని వంచి చూడండి, కింది భాగం మెత్తగా వంగుతుంది. అక్కడ ఇత్తడి లేదు. పైన పిన్ను పట్టుకునే చోటే ఉంది. చెక్కితే మిగిలేది ఏమీ ఉండదు.

బిళ్ళ అంచుల్ని సన్నటి ఎమరీ కాయితంతో రుద్ది, చెంప మీద రాసుకున్నా గీరుకోనంత నున్నగా చేయండి. తర్వాత సబ్బునీళ్ళు రాసి, చొక్కా గుండీని కాజాలోంచి దూర్చినట్టు బిళ్ళని ఒక చివర నుంచి ఏటవాలుగా లోపలికి దూర్చండి. రబ్బరు భయపెట్టేంతగా సాగుతుంది, ఫర్వాలేదు, తిరిగి సర్దుకుంటుంది. లోపల బిళ్ళ పొడవు ట్యూబు పొడుగునే ఉండాలి, అడ్డంగా కాదు. బయట వాషరు కూడా అదే దిక్కుకి. సబ్బు తుడిచి, ఆరబెట్టి, నట్టు బిగించండి. ఎంత బిగించాలంటే వాషరు అంచు చుట్టూ రబ్బరు కొంచెం ఉబ్బి కనిపించాలి, అంతే. ఇంకో చుట్టు తిప్పితే రబ్బరు పక్కలకి జారిపోతుంది, బిళ్ళ కోసుకుంటుంది. ఒక రోజు అలా వదిలేసి మర్నాడు చూడండి. రబ్బరు నలిగి సర్దుకుని నట్టు కాస్త వదులై ఉంటుంది. మళ్ళీ చిన్నగా బిగించి, అప్పుడు నీళ్ళలో ముంచి చూడాలి. బుడగ వస్తే బిగింపు పెంచడం కాదు, విప్పి బిళ్ళ ఎలా కూర్చుందో చూడాలి. చాలాసార్లు బిళ్ళ కింద ట్యూబు లోపలి పౌడరు గడ్డకట్టి ఉంటుంది.

లారీ టైర్ల షాపులో వేడి పెట్టి అతికించడం

రేణిగుంట రోడ్డు మీద, చిత్తూరు బైపాసు మీద లారీ టైర్ల పని చేసేవాళ్ళకి వాల్వు మార్చడం కొత్త కాదు. పాత ట్యూబు నుంచి కోసిన లోహపు వాల్వునో, రబ్బరు అడుగుతో వచ్చిన కొత్తదాన్నో పెట్టి, ఉడకని రబ్బరు ముక్క వేసి, మెషీన్లో నొక్కి వేడి చేస్తారు. ఖర్చు తక్కువ, పని అరగంట. నేను అడిగినప్పుడు ఒక షాపులో పెద్దాయన నవ్వి, “స్వామీ, ఇది టిప్పరుకి వేసేది. అంత బరువు మోస్తాది, మీ కారు ఒక లెక్కా?” అన్నాడు. ఆయన మాటలో తర్కం ఉంది, కానీ అది బరువు గురించిన తర్కం.

కారు ట్యూబు పల్చన. లారీ వాల్వు అడుగు వెడల్పుగా, మందంగా, బిర్రుగా ఉంటుంది. బిర్రు ముక్క ఎక్కడ ఆగి పల్చటి రబ్బరు ఎక్కడ మొదలవుతుందో ఆ గీత మీదే టైరు నలిగిన ప్రతిసారీ ట్యూబు మడతపడుతుంది. అతుకు ఊడదు, అతుకు పక్కన ట్యూబు తెగుతుంది. ఇంకొకటి, లారీ వాల్వులు చాలావరకు వంపు తిరిగి ఉంటాయి, జంట చక్రాల మధ్య నుంచి గాలి పట్టడానికి వీలుగా. ఆ వంపు కారు రిమ్ములో బ్రేకు డ్రమ్ముకో హబ్ కప్పుకో తగలొచ్చు. మూడోది, ట్యూబు బ్యూటైల్‌దా (గాలి తక్కువగా కారే కృత్రిమ రబ్బరు) మామూలు రబ్బరుదా అన్న ప్రశ్న. ఇప్పటి ట్యూబుల్లో ఎక్కువ బ్యూటైల్‌వే, ట్యూబు మీద అలా అచ్చు కూడా ఉంటుంది. మామూలు రబ్బరు ముక్క బ్యూటైల్‌తో కలిసి ఉడకదు. పైకి అతికినట్టే ఉంటుంది, గోరుతో అంచు లేపితే ఒలిచిన తొక్కలా లేస్తుంది. దానికి తగిన ముక్క వాడుతున్నారా అని అడగండి. తెలిసినవాడైతే అడిగినందుకు సంతోషిస్తాడు.

ఇంకే దారీ లేక ఇదే చేయించాలంటే నిటారు కాడ, చిన్న అడుగు ఉన్న వాల్వు వెతికించి, అడుగు మీద నికెల్ పూత ఉంటే గీకించి ఇత్తడి బయటపెట్టించండి. రబ్బరు పట్టేది ఇత్తడినే. ఇలాంటి ట్యూబుని నేనైతే ఊళ్ళో తిప్పే బండికే ఒప్పుకుంటాను, ఘాటు ఎక్కే బండికి ఒప్పుకోను.

తొడుగు, ట్యూబ్‌లెస్ వాల్వు

రబ్బరు కాడ మీద ఎక్కించే మెరుపు తొడుగులు యాక్సెసరీ షాపుల్లో దొరుకుతాయి. ప్రదర్శన రోజు తొడిగి, ఇంటికొచ్చాక తీసేస్తే ఏ గొడవా లేదు. అలాగే వదిలేస్తే లోపల తేమ నిలిచి, కాడ పగిలినా కనబడదు.

అలాయ్ చక్రాల షాపులో “మెటల్ వాల్వు” అడిగితే ఇచ్చేది వేరే వస్తువు. అది ట్యూబ్‌లెస్ రిమ్ముకి నేరుగా బిగించేది. దాని రబ్బరు వాషర్లు రిమ్ము బొక్కని మూయడానికి ఉన్నాయి, ట్యూబు రబ్బరుని పట్టుకోడానికి కాదు. దాన్ని ట్యూబులో దూర్చి బిగించిన పనితనం చూశాను. ఎంత శుభ్రంగా చేసినా వద్దనే చెబుతాను. ఇంకా కొందరు అదే వాల్వు పెట్టి పాత స్పోకు చక్రాన్నే ట్యూబ్‌లెస్ చేసేద్దామంటారు. స్పోకు బొక్కలన్నిట్లోంచి గాలి పోతుంది, టైరు అంచుని పట్టి ఉంచే గట్టు కూడా ఆ రిమ్ముల్లో ఉండదు.

ఎక్కించేటప్పుడు

ఏ కాడ ఎంచుకున్నా సగం ఆయుష్షు ఎక్కించే తీరులో ఉంటుంది. టైరు లోపల అంటించిన కాయితం స్టిక్కర్లన్నీ పీకేయండి, వాటి అంచులు పల్చటి ట్యూబుని అరగదీస్తాయి. స్పోకు చక్రమైతే స్పోకుల తలలు కప్పే పట్టీ కొత్తది వేయండి, వాల్వు బొక్క దగ్గర దాని బొక్క సరిగ్గా కలవాలి. రేడియల్ టైరు వేసి ఉంటే రేడియల్‌కి పనికొచ్చే ట్యూబే అడగండి, ఆ టైరు పక్కగోడలు ఎక్కువ నలుగుతాయి. ట్యూబుకి టాల్కం పౌడరు పల్చగా రాస్తే చాలు.

కొంచెం గాలి పట్టి, టైరు అంచు రెండు వైపులా సమంగా కూర్చున్నాక పిన్ను తీసి గాలంతా వదిలేసి మళ్ళీ పట్టండి. లోపలి మడతలు విడిపోయేది ఈ రెండోసారే. ఇత్తడి కాడకి బయట వచ్చే రిమ్ము నట్టుని గాలి పూర్తిగా పట్టాక చేత్తో తిప్పి, ఆగిన చోట వదిలేయండి. స్పానరు తీసుకోవద్దు. ముందు చెప్పిన లాగుడు కబురు కొంతైనా బయటికి రావాలంటే కాడకి కదిలే వీలుండాలి. గుర్తు కోసం టైరు పక్కగోడ మీద, రిమ్ము మీద ఎదురెదురుగా సుద్దముక్కతో ఒక గీత పెట్టుకోండి. కొన్నాళ్ళు తిరిగాక గీతలు తప్పితే ట్యూబు జరుగుతోందన్నమాట. ఇత్తడి కాడ చెప్పని మాట ఆ గీత చెబుతుంది.

టోపీ విషయంలో కక్కుర్తి పడకండి. లోపల రబ్బరు వాషరు ఉన్న ఇత్తడి టోపీ వాడండి, పిన్ను కాస్త కారినా అది ఆపుతుంది. మెరుస్తున్నాయని అల్యూమినియం టోపీలు ఇత్తడి కాడ మీద పెడితే వానాకాలంలో తడికి ఇత్తడి తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోయి, టోపీ కాడకి పట్టుకుపోతుంది. కటింగ్ ప్లేయరుతో తిప్పినప్పుడు టోపీ రాదు, కాడే అడుగు నుంచి తిరుగుతుంది.

ఘాటు రోడ్లు, ఎండ

మొగిలి ఘాటు దిగి చిత్తూరు వచ్చేటప్పుడు, భాకరాపేట ఘాటు దిగి తిరుపతి వచ్చేటప్పుడు పాత డ్రమ్ము బ్రేకులు బాగా వేడెక్కుతాయి. ఆ వేడి రిమ్ముకి పాకుతుంది, రిమ్ము నుంచి ట్యూబుకి. లోహపు కాడ వేడిని తన మొదటిదాకా తీసుకెళ్తుంది, రబ్బరు కాడ అంతగా తీసుకెళ్ళదు. కారు టైరులో అయిదారు డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒక పీఎస్ఐ ఒత్తిడి పెరుగుతుంది. అందుకని గాలి ఎప్పుడూ పొద్దున్నే, చక్రం చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. మధ్యాహ్నం బంకులో ఎక్కువ కనబడిందని తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది, తక్కువ గాలే ట్యూబు లాగుడికి మూలం. దిగేటప్పుడు మూడో గేరులోనో రెండో గేరులోనో దిగి బ్రేకులకి ఊపిరి ఇస్తే, ఏ వాల్వైనా సుఖంగా ఉంటుంది.

బండి పేరు చెబితే

అంబాసిడరు, పద్మిని, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్: సరైన కొలత రబ్బరు కాడ, బ్యూటైల్ ట్యూబు. ఇంకేదీ ఆలోచించొద్దు. జీపు కూడా అంతే, బొక్క కొలిచాక. యుద్ధానికి ముందు ఆస్టిన్, మోరిస్ లాంటి చిన్న స్పోకు చక్రాల బళ్ళు రోజూ కాకపోయినా వారానికోసారి తిరిగేవైతే రబ్బరు కాడ, బుష్ చాలు. వాల్వు బయటికి అందకపోతేనో, బండి ప్రదర్శనలకి వెళ్తుంటేనో బిళ్ళ, నట్టు పద్ధతి. మోడల్ ఏకి కంపెనీ నుంచి ఇత్తడి కాడతో వచ్చిన ట్యూబు దొరికితే అది, దొరక్కపోతే బిళ్ళ, నట్టు. మోడల్ టీ, చెక్క చక్రాల బళ్ళకి ఇత్తడి తప్పదు, అక్కడ డబ్బు దగ్గర వెనకాడొద్దు.

నాలుగు చక్రాలకీ ఇత్తడి పెట్టించినా, చెక్క చక్రాల బండి కాకపోతే డిక్కీలో రబ్బరు కాడ ట్యూబు ఒకటి, దానికి సరిపోయే బుష్ ఒకటి పెట్టుకోండి. రాత్రిపూట పీలేరు రోడ్డు మీద ట్యూబు పోతే, అక్కడి పంచరు షాపు కుర్రాడికి బ్రిడ్జి వాషరు గురించి చెప్పే ఓపిక మీకుండదు, వినే ఓపిక అతనికుండదు. ఆ ట్యూబుని గట్టి ప్లాస్టిక్ సంచీలో పౌడరు వేసి మడిచి, జాకీ తగలని మూల పెట్టండి. ఏడాదికోసారి తీసి మడతలు మార్చి మళ్ళీ పెట్టండి.